చెంప కింద ఛాంబరు: బుల్‌పప్ రైఫిల్‌ను పాత వేట తుపాకీ పక్కన పెట్టి చూస్తే

(తిరుపతిలో తుపాకీ లైసెన్సుదారులు, గురి నేర్చుకునే యువకులు కూడిన సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం. మాటలు చాలావరకు మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. కుప్పం, పలమనేరు, పుంగనూరు వైపు నుంచి పొద్దున్నే బస్సు పట్టుకొని వచ్చిన రైతన్నలకు ఇంకొక నమస్కారం.

తుపాకీ మాట ఎత్తే ముందు ఒక సంగతి కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ, ఈ రెంటితో మన దేశంలో వేట ముగిసింది. శేషాచలంలో గానీ, కౌండిన్యలో గానీ, తలకోన చుట్టుపక్కల గానీ కుందేలును కొట్టినా నేరమే. శెనక్కాయ చేను తవ్విపోసే అడవిపందిని కూడా అటవీ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా కాల్చకూడదు. ఏనుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాబట్టి ఈరోజు 'వేటగాడి చూపు' అన్నప్పుడు వేటాడమని అర్థం కాదు. ఒకే ఒక్క దెబ్బ కోసం తుపాకీని ఒంటికి అమర్చుకునే పద్ధతి ఒకటుంది. తరతరాలుగా అరిగి అరిగి నునుపుదేలిన పద్ధతి. దాని ముందు బుల్‌పప్ అనే అమరికను, అంటే పనిచేసే భాగాలను భుజానికి ఆనే బట్టులోకి జరిపిన తుపాకీని, నిలబెట్టి చూద్దాం. చెట్టు కింద నిలబడి ఒక్క గుండు కాల్చే మనిషికి, బండిలోంచి దూకి ముప్పై గుండ్లు కాల్చే మనిషికి ఒకే తుపాకీ సరిపోదు. నేను చెప్పబోయేదంతా ఈ తేడా గురించే.

ఈ బల్ల మీద రెండు చెక్క నమూనాలు ఉన్నాయి, చూడండి. రెండింటి గొట్టం పొడవూ ఒకటే. పొడుగ్గా ఉన్న దాంట్లో వరస ఇట్ల: వెనక బట్టు, దాని ముందు ట్రిగ్గరు, ట్రిగ్గరుకు పైన, ముందు బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే ముక్క), మ్యాగజైను (తూటాలు ఉండే డబ్బా), ఛాంబరు (తూటా పేలే గది), ఆ తర్వాత గొట్టం. భుజానికి ఆనే బట్టు ఉత్త చెక్క, లోపల పనిచేసే భాగం ఏదీ లేదు. బుల్‌పప్‌ను ఆలోచించినవాడు అక్కడే పట్టుకున్నాడు. ఇంత చోటును ఖాళీగా ఎందుకు వదలాలని బోల్టును, మ్యాగజైనును, ఛాంబరును వెనక్కి జరిపి బట్టులోనే కూర్చోబెట్టాడు. ట్రిగ్గరు మాత్రం వాటికి ముందు మిగిలింది. గొట్టం తగ్గలేదు, తుపాకీ తగ్గింది.

ఎంత తగ్గింది? మన సైన్యం ఏళ్ల తరబడి మోసిన ఇన్సాస్ రైఫిల్‌కు గొట్టం 464 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 960. మన నౌకాదళపు మార్కోస్ కమాండోలు, వైమానిక దళపు గరుడ్ కమాండోలు వాడే ఇజ్రాయెల్ తయారీ టావోర్ టార్-21కు గొట్టం 460, మొత్తం 720. గొట్టంలో తేడా 4 మిల్లీమీటర్లు, తుపాకీలో తేడా 240. జానెడు పైచిలుకు. ఆస్ట్రియా వాళ్ల స్టెయర్ ఆగ్ గొట్టం 508, పొడవు 790. అదే 508 గొట్టం బిగించిన అమెరికా ఎం16ఏ2 మీటరు దాటుతుంది.

'పొట్టి తుపాకే కావాలంటే గొట్టమే కోస్తే పోలేదా' అంటారేమో. పోదు. ఎం16ఏ2 గొట్టం 508, ఎం4 గొట్టం 368. అదే తూటా ఎం4లోంచి సెకనుకు 40 మీటర్ల దాకా తక్కువ వేగంతో వస్తుంది. మందు మండి గుండును నెట్టడానికి గొట్టంలో దూరం కావాలి. ఆ దూరాన్ని కాపాడుతూ పొడవు తగ్గించడం బుల్‌పప్ సాధించిన నిజమైన గెలుపు. ఆ మాట ఒప్పుకోకుండా దాన్ని తిట్టేవాడు న్యాయం మాట్లాడటం లేదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1901లోనే ఇంగ్లాండులో థార్నీక్రాఫ్ట్ అనే కార్బైన్‌ను, అంటే పొట్టి రైఫిలును, ఈ అమరికతో చేశారు. అది చేత్తో బోల్టు లాగే రైఫిలు. సైన్యం తీసుకోలేదు. 1951లో బ్రిటన్ ఈఎం-2 అనే బుల్‌పప్‌ను ఆమోదించింది, కొద్దికాలానికే నాటో కూటమి దేశాల తూటా ఒకటే ఉండాలన్న గొడవలో పక్కన పెట్టింది. అసలు కాలం ఆ తర్వాత వచ్చింది: 1977లో ఆస్ట్రియా ఆగ్, 1978లో ఫ్రాన్స్ ఫామాస్, 1985లో బ్రిటన్ ఎల్85, 90లలో చైనా రైఫిలు. ఆ రోజుల్లో యూరప్ సైనికుడు ఉక్కుబండిలో పదిమందితో ఇరుక్కుని కూర్చుని, వెనక తలుపులోంచి దూకి పోరాడాలి. ఆ తలుపు కొలతకు తగ్గట్టు పుట్టిన తుపాకీ ఇది. బండి పోయి కొండ వస్తే, తలుపు పోయి చెట్టు వస్తే, ఆ జానెడు ఎంత విలువ చేస్తుందో వేటగాడు అడగాల్సిన ప్రశ్న.

సైన్యాలే మళ్లీ అడిగాయి. ఫ్రాన్స్ ఫామాస్ బదులు మామూలు అమరికలో ఉన్న జర్మనీ హెచ్‌కే416 తీసుకుంది. న్యూజిలాండ్ ఆగ్‌ను వదిలేసింది. చైనా 2019లో ప్రపంచానికి చూపిన కొత్త రైఫిలు మామూలు అమరికదే. బ్రిటన్ ఎల్85 మొదటి రకం తరచూ మొరాయించేది. దాన్ని జర్మన్ కంపెనీ చేత దాదాపు తిరగ చేయించుకోవాల్సి వచ్చింది. మన దేశంలో సాధారణ పదాతిదళం చేతికి వస్తున్న కొత్త ఏకే-203 కూడా పాత వరసదే. సైన్యాల కారణాలు సైన్యాలవి. మన కారణాలు మనం చూసుకుందాం.

తుపాకీ భుజానికి ఎక్కే క్షణం చూడండి. పాతవాళ్లు తుపాకీ కొనేముందు గురి చూడరు, ఎక్కించి చూస్తారు. ఖాళీ తుపాకీ, ఖాళీ అని రెండుసార్లు కంటితో చూసి, ఒకసారి వేలితో తడిమి తేల్చుకున్నాక మాత్రమే. గోడ మీద రూపాయి బిళ్లంత చుక్క పెట్టుకో. దాన్ని చూసి, కళ్లు మూసుకొని, తుపాకీ భుజానికి ఎక్కించు. అప్పుడు కళ్లు తెరువు. ముందు సైటు వెనక సైటు గాడిలో నిలిచి, చుక్క మీదో దాని పక్కనో ఉందనుకో, ఆ బట్టు నీ కొలతది. పదిసార్లలో ఎనిమిదిసార్లు అట్ల వస్తే ఆ తుపాకీ నీది. తల వంచి, మెడ చాచి, చెంపతో వెతుక్కోవాల్సి వస్తే ఆ తుపాకీ వేరేవాడిది.

ఇందులో పెద్ద కొలత ట్రిగ్గరు నుంచి బట్టు మడమ దాకా ఉండే దూరం. మోచెయ్యి మడిచి, మడతలో బట్టు ఆనించి, చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గరుకు హాయిగా అందుతుందా అని చూస్తారు. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి 13 నుంచి 13న్నర అంగుళాలు చాలు. కారఖానా బట్టు 14 ఉంటే పనితెలిసిన వడ్రంగి అర అంగుళం కోసి రబ్బరు మడమ బిగిస్తాడు. గంట పని. బుల్‌పప్‌లో ఆ పని కుదరదు. ట్రిగ్గరు వెనక మ్యాగజైను పట్టాలి, దాని వెనక బోల్టు వచ్చి పోయే దారి పట్టాలి, ఆ వెనక స్ప్రింగు పట్టాలి. ఇవన్నీ కలిసి కొలతను తేల్చేస్తాయి. అందుకే చాలా బుల్‌పప్‌లలో ఆ దూరం 14న్నర దాటి 15 అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. రంపం పెడితే చెక్క రాదు, ఇనుము తగులుతుంది. చలిదేశాల్లో దళసరి కోటు మీద ఎక్కించే ఆరడుగుల మనిషికే అది కొంచెం పొడుగు. మే నెలలో పల్చటి నూలు చొక్కా వేసుకున్న మన మనిషికి కూడా అదే కొలత. బట్టు చంక దగ్గర చొక్కాలో చిక్కుకుంటుంది, కిందికి దిగి ఆనుతుంది, గురి తప్పుతుంది.

బరువు ఎక్కడ కూర్చుందనేది ఇంకొకటి. ఈ పొడుగు నమూనాను వేలి మీద నిలబెడుతున్నా చూడండి. మ్యాగజైను ముందు భాగంలో, రెండు చేతుల నడుమ నిలిచింది. రెండు గొట్టాల 12 బోరు తుపాకీ (గుళ్లు చిమ్మే వేట తుపాకీ) అయితే గొట్టాలు మడిచే మేకు దగ్గర నిలుస్తుంది. ఇప్పుడు ఈ పొట్టిదాన్ని చూడండి. పిడికిలి దగ్గరే నిలిచింది. బరువంతా భుజం పక్కకు చేరింది. దీని వల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఎక్కువసేపు ఒంటిచేత్తో పట్టుకోవచ్చు, చేయి అంతగా లాగదు. గొట్టం మూతి మాత్రం తేలికైపోయింది. కదిలే గురి మీద మూతి తేలికైతే ఏమవుతుంది? చప్పున కదులుతుంది, చప్పున ఆగిపోతుంది. ఎగిరే మట్టి పళ్లేల మీద కాల్చే పిల్లలకు ఈ సంగతి బాగా తెలుసు: ట్రిగ్గరు నొక్కే ముందు గొట్టం ఆగిందంటే గుళ్లు వెనకపడతాయి. మూతిలో కాస్త బరువుంటే చేయి ఆగినా గొట్టం సాగుతుంది. పాత 12 బోరుకు 28, 30 అంగుళాల గొట్టాలు పెట్టింది బలం కోసం కాదు. ఈ కాలపు మందు 12 బోరులో చాలా ముందే మండిపోతుంది. ఆ పొడవు సాగడం కోసం.

ఇక ట్రిగ్గరు. ఇక్కడ కొంచెంసేపు నిలబడదాం, ఎందుకంటే ఒక్క దెబ్బ కాల్చేవాడికి ప్రాణం ఇక్కడుంది.

మంచి వేట రైఫిల్లో ట్రిగ్గరు పైనే, వేలెడంత దూరంలో, కాల్చే ముక్కను పట్టి ఉంచే చిన్న కొక్కెం ఉంటుంది. వేలు నొక్కగానే కొక్కెం జారుతుంది. నడుమ ఇంకేమీ లేదు. స్ప్రింగు త్రాసు తగిలించి లాగితే కిలోన్నర దగ్గర తెగుతుంది, అదీ ఎండిన చింతపుల్ల విరిగినట్టు టక్కున. ముందు కదలదు, తర్వాత సాగదు. బుల్‌పప్‌లో ట్రిగ్గరు ఇక్కడ ముందు, కొక్కెం అక్కడ వెనక బట్టులో. నడుమ ఒక జానెడు దూరం. ఆ దూరాన్ని ఒక సన్నటి కడ్డీ కలపాలి. ఇబ్బందులన్నీ ఆ కడ్డీలో పుడతాయి.

ఒక సైకిల్ పుల్లను తీసుకోండి. రెండు కొసలూ పట్టి లాగితే నిటారుగా ఉంటుంది. ఒక కొసను నెట్టితే మధ్యలో బొద్దుగా వంగుతుంది. ట్రిగ్గరు నొక్కితే వేలు వెనక్కి పోతుంది, కడ్డీ నేరుగా దానికి తగిలించి ఉంటే ఆ కడ్డీ నెట్టుడుతో పనిచేస్తుంది. నెట్టుడులో కొంచెం వంగుతుంది. ఆ వంపు తీరేదాకా కొక్కెం కదలదు, తర్వాత ఒక్కసారిగా కదులుతుంది. వేలికి అది బంకలా, రబ్బరు లాగినట్టు అనిపిస్తుంది. బాగా ఆలోచించిన తయారీదారు ట్రిగ్గరును మధ్యలో మేకు మీద తూగేట్టు పెడతాడు. కింది కొస వెనక్కి పోతే పై కొస ముందుకు వస్తుంది, కడ్డీని లాగుతుంది. లాగుడులో వంపు లేదు. కొనేవాడు ముందు అడగాల్సింది ఇదే: మీ కడ్డీ నెట్టేదా, లాగేదా? అమ్మేవాడికి తెలియకపోతే బట్టు విప్పించి కళ్లతో చూడాలి.

అంతా బాగా చేసినా సైన్యపు బుల్‌పప్‌లలో ట్రిగ్గరు బరువు 3 కిలోలకు పైన ఉండటం మామూలు. తుపాకీ బరువే మూడున్నర, నాలుగు కిలోలు. దాదాపు తుపాకీ అంత బరువును ఒక్క వేలితో లాగుతూ తుపాకీని కదలకుండా పట్టాలి. పదిహేను గజాల్లో మనిషంత గురికి అది ఇబ్బంది కాదు. వంద మీటర్లలో అరచేయంత చోటుకు అది పెద్ద ఇబ్బంది.

మన ప్రాంతపు దుమ్ము ఇంకొకటి. ఏప్రిల్, మే నెలల్లో పీలేరు, మదనపల్లె దారుల్లో లేచే ఎర్రమన్ను పిండిలాంటిది. ఆ కడ్డీ సన్నటి గాడిలో పరుగెత్తుతుంది. నూనె ఎక్కువ పోస్తే దుమ్ము ముద్దయి గాడిలో కూర్చుంటుంది. అసలు పోయకపోతే ఇనుము మీద ఇనుము గరగరలాడుతుంది. గాడిని పొడిబట్టతో తుడిచి, పలచటి తుపాకీ నూనె ఒకే ఒక్క చుక్క వేసి, మళ్లీ తుడిచేయాలి. కంటికి తడి కనిపించిందంటే ఎక్కువైనట్టే. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లకు జిగురవుతుంది, ఆ పని చేయకండి.

ఇంకొక హెచ్చరిక. ట్రిగ్గరు గట్టిగా ఉందని కొక్కెం అంచును ఆకురాయితో అరగదీసేవాళ్లు ఉంటారు. బుల్‌పప్‌లోనైనా, పాతదాంట్లోనైనా ఆ అంచు వెంట్రుకంత తగ్గినా తుపాకీ నేల మీద పడితే దానంతటదే పేలవచ్చు. అది లైసెన్సున్న మిస్త్రీ పని. అతను పని ముగించాక ఖాళీ తుపాకీలో బోల్టు మూసి, బట్టు మీద రబ్బరు సుత్తితో నాలుగువైపులా కొట్టి, కొక్కెం జారలేదని మీ కళ్ల ముందు చూపించాలి. చూపించనివాడి దగ్గర తుపాకీ తీసుకోవద్దు.

బోల్టు సంగతి. మామూలు బోల్టు రైఫిల్లో పిడి ట్రిగ్గరుకు కొంచెం పైన, చేయి పక్కనే ఉంటుంది. చేయి నాలుగు వేళ్ల దూరం లేస్తుంది, లాగుతుంది, నెట్టుతుంది, దిగుతుంది. చెంప బట్టు మీదనుంచి కదలదు, కన్ను గురిని వదలదు. బోల్టు బుల్‌పప్‌లు కూడా ఇప్పుడు వస్తున్నాయి, దూరపు గురికి పెట్టినవి. వాటిలో పిడి చెంప పక్కకు, చంక వైపుకు వచ్చేస్తుంది. దాన్ని లాగాలంటే మోచెయ్యి వెనక్కి ఎగరాలి, తల పక్కకు జరగాలి. నేల మీద పడుకొని, కాళ్లున్న ఆనికె మీద పెట్టి, తీరిగ్గా కాల్చేవాడికి పరవాలేదు. నిలబడి కాల్చేవాడు రెండో దెబ్బకు మొదటి నుంచి మొదలుపెట్టాలి. గాయపడిన జంతువును బాధ లేకుండా ముగించడానికి రెండో దెబ్బ వెంటనే పడాలన్నది ఏ దేశంలోనైనా వేట మర్యాద. ఆ మర్యాదకు ఈ అమరిక అడ్డు పడుతుంది.

ఇప్పుడు చెంప కిందికి వద్దాం. ఛాంబరులో తూటా పేలేటప్పుడు పుట్టే ఒత్తిడిని ఇత్తడి డొక్కు (తూటాలో మందు ఉండే తొడుగు), బోల్టు ఆపుతాయి. డొక్కు ఎప్పుడైనా చీలితే ఆ వాయువు దారి వెతుక్కుంటుంది. మౌజర్ 1898 రైఫిల్లో బోల్టుకు రెండు రంధ్రాలు, వెనక ఒక రేకంచు పెట్టింది అందుకే, వాయువు కంటికి రాకుండా పక్కకు మళ్లడానికి. ఆ రైఫిలు చేసిన పాల్ మౌజర్ 1901లో వేరే ప్రయోగ రైఫిలును పరీక్షిస్తూ ఒక కన్ను పోగొట్టుకున్నాడు. మామూలు రైఫిల్లో ఛాంబరు కంటికి జానెడు ముందు ఉంటుంది. బుల్‌పప్‌లో చెంప కింద, చెవి పక్కన. మంచి తయారీదారులు నడుమ ఉక్కురేకు పెడతారు, ఆ మాట నిజం. అయినా తూటా బాగుండాలన్న జాగ్రత్త అక్కడ రెట్టింపు కావాలి.

మనవాళ్లలో చాలామంది దగ్గర ఏళ్లనాటి 12 బోరు తూటాలు ఉంటాయి. వానాకాలం తేమకు వాటి కాగితపు తొడుగులు ఉబ్బుతాయి. తూటాను ఛాంబరులో వేస్తే తన బరువుకు తానే దిగాలి. బొటనవేలితో నెట్టాల్సి వచ్చిందంటే పక్కన పెట్టేయండి. ట్రిగ్గరు నొక్కితే పేలకపోతే మూతిని గురి వైపే ఉంచి, 60 దాకా నిదానంగా లెక్కపెట్టి, అప్పుడు తెరవండి. ఆలస్యంగా అంటుకునే మందు ఉంటుంది. ఆ అరవై లెక్కపెట్టేంతసేపు ఆ తూటా చెంపకు ఆనుకొని ఉండాలా, చేతికి అవతల ఉండాలా? పాతవాళ్ల జవాబు మీకు తెలుసు.

ఖాళీ డొక్కు కూడా అక్కడినుంచే బయటికి వస్తుంది. కుడిపక్కకు ఎగిరే బుల్‌పప్‌ను ఎడమ భుజం మీద పెడితే వేడి ఇత్తడి నేరుగా ముఖానికి తగులుతుంది. బ్రిటన్ ఎల్85ను ఎడమ భుజం నుంచి కాల్చకూడదు, ఎడమచేతివాటం సైనికుడికి కూడా కుడిచేతే నేర్పారు. ఆగ్‌లో ఎడమ బోల్టు వేరే కొని మార్చుకోవచ్చు. మార్చాక అది కుడివాడికి పనికిరాదు. బెల్జియం ఎఫ్2000 డొక్కును ముందుకు తోసి మూతి దగ్గర రాలుస్తుంది. అమెరికాలో కిందికి రాల్చే రకం కూడా ఉంది. ఈ చివరి రెండు దారులు మంచివి. మంచె మీద కూర్చున్న మనిషికి గుంజ ఎటు అడ్డం వస్తుందో చెప్పలేం, ఏ భుజమైనా వాడగలగాలి.

భద్రత గురించి ఒక మాట, నా దృష్టిలో ఇది అన్నిటికన్నా బరువైనది. మడిచే తుపాకీని మోచేతి మీద మడిచి వేసుకొని నడిచేవాడి తుపాకీ ఖాళీ అని యాభై గజాల దూరం నుంచి కూడా పక్కవాడికి కనిపిస్తుంది. బోల్టు తెరిచిన రైఫిలు కూడా కనిపిస్తుంది. బుల్‌పప్ ఛాంబరు చంకలో దాగి ఉంటుంది. మోసేవాడు కూడా భుజం నుంచి దించి, తిప్పి, వంగి చూస్తే తప్ప తెలియదు. పైగా తుపాకీ పొట్టి కాబట్టి మూతి చిన్న కదలికకే పక్కవాడి మీదికి తిరుగుతుంది, ముందు పట్టిన చేయి మూతికి దగ్గరవుతుంది. గుంపుగా నడిచే చోట ఇది చిన్న విషయం కాదు.

మరి మోయడానికి పొట్టి తుపాకీ కావాలనుకున్న పాతకాలపు మనిషి ఏం చేశాడు? అతని జవాబు మన ఇళ్లలోనే ఉంది. రెండు గొట్టాల తుపాకీకి ఛాంబరు వెనక బోల్టు పరుగెత్తే పెట్టె లేదు. ఛాంబరు వెనక మూడు వేళ్ల దూరంలోనే ట్రిగ్గరు. అందువల్ల 28 అంగుళాల గొట్టంతో కూడా మొత్తం 45 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. అదే గొట్టం ఉన్న పంపు తుపాకీ, అంటే ముందు చెక్కను లాగి తూటా మార్చేది, 48 దాటుతుంది. పని అయ్యాక ముందు చెక్క ఊడదీసి, గొట్టాలు వేరు చేసి, మూడు ముక్కలుగా గొట్టమంత సంచిలో పెట్టుకోవచ్చు. ట్రిగ్గరు చెడలేదు, చెంప కిందికి ఏదీ రాలేదు, డొక్కు ఎవరి ముఖానికీ తగలదు. పొట్టితనం కోసం వెతికేవాళ్లు ముందు ఈ తుపాకీని చేతిలోకి తీసుకొని చూడాలని నా కోరిక.

బుల్‌పప్‌కు చెల్లాల్సింది చెల్లిద్దాం. మంచె మీద, నాలుగడుగుల చోటులో, గుంజలకు తగలకుండా తిరగాలంటే అది బాగుంటుంది. కలివి కంపల్లో, తుప్పల్లో దూరేటప్పుడు గొట్టం తగులుకోదు. గొట్టం, బట్టు ఒకే గీతలో ఉంటాయి కాబట్టి దెబ్బకు మూతి అంతగా పైకి ఎగరదు, వెనక్కి నేరుగా తోస్తుంది. స్వీడన్, ఫిన్లాండు లాంటి చోట్ల వేటగాళ్లు మూతికి శబ్దం తగ్గించే గొట్టం బిగిస్తారు. అది ఇంకో జానెడు కలుపుతుంది. అక్కడ బుల్‌పప్ ఆ జానెడును తిరిగి ఇస్తుంది. ఆ గొట్టం లేకపోతే మాత్రం మూతి చెవికి దగ్గరై మోత ఎక్కువ, చెవిమూతలు తప్పనిసరి.

పిల్లలు ఎక్కువగా చూసేది గాలి రైఫిళ్లు. నింపుడు గాలితో పనిచేసే బుల్‌పప్ గాలి రైఫిళ్లు వస్తున్నాయి. 0.177 అంగుళాల బోరు, 20 జౌళ్ల శక్తి లోపు అయితే లైసెన్సు అక్కర్లేదు. దాంతో పిట్టను కొడితే మాత్రం వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. గాలి రైఫిల్లో డొక్కు లేదు, వేడి వాయువు లేదు, కాబట్టి చెంప కింద ఛాంబరున్నా భయం తక్కువ. కడ్డీ ట్రిగ్గరు గొడవ మాత్రం అదే. పది మీటర్ల పోటీ గాలి రైఫిళ్లను చూడండి, ఐదున్నర కిలోల లోపు అన్నీ మామూలు వరసే. పొట్టిగా చేయడం చేతకాక కాదు. అక్కడ గెలుపంతా ట్రిగ్గరు, చెంప ఆనే తీరు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న (కుప్పం వైపు రైతు): సార్, మా నాయన కాలం నాటి నాటు తుపాకీ, మందు కూరేది. పంట లైసెన్సు ఉండాది. గొట్టం మరీ పొడుగు. మంచె మీద తిరగదు. ఒక అడుగు కోయించుకుంటే పోతుందా?

వద్దన్నా. మొదటిది చట్టం. ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయడమే నేరం. అదే చట్టం 13వ సెక్షన్ పంట కాపలాకు మందు కూరే తుపాకీని, రక్షణకు లోపల నునుపైన, 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న తుపాకీని వేరుగా చెప్పింది. కోస్తే లైసెన్సులో రాసిన తుపాకీ కాకుండా పోతుంది. రెండోది మందు. నల్లమందుకు ఆ పొడవు కావాలి. కోస్తే మంట బయట, బలం తక్కువ. మందు తుపాకీతో నీకు నిజంగా పని జరగట్లేదంటే ఆ సంగతి దరఖాస్తులో రాసి వేరే నునుపు గొట్టం తుపాకీ అడగడానికి అదే సెక్షన్‌లో వీలుంది. ఆ దారిలో పో.

ప్రశ్న (యువకుడు): సార్, బుల్‌పప్ పొట్టి కాబట్టి ముందు సైటు, వెనక సైటు దగ్గరై గురి కష్టమవుతుంది. స్కోపు పెట్టేస్తే ఆ ఇబ్బంది పోతుంది కదా?

పోతుంది నాయనా, అందుకే ఆగ్‌కు మొదటి నుంచీ స్కోపు పెట్టే ఇచ్చారు. ఇంకో చిక్కు వస్తుంది. బట్టు గొట్టంతో ఒకే గీతలో ఉంది కాబట్టి కన్ను పైకి లేస్తుంది, స్కోపు గొట్టానికి 7 సెంటీమీటర్ల ఎత్తున కూర్చుంటుంది. మామూలు రైఫిల్లో అది 4 లోపు. రెంటినీ 100 మీటర్లకు సరిచేసి 25 మీటర్లలో కాల్చు. మామూలుది ఒకటిన్నర సెంటీమీటరు కింద కొడుతుంది, బుల్‌పప్ దాదాపు 4 కింద. దగ్గరి గురికి ఎంత పైన పట్టాలో కాగితం మీద కాల్చి, 10, 25, 50 మీటర్లకు రాసుకొని, ఆ చీటీ బట్టుకు అతికించుకో.

ప్రశ్న (షూటింగ్ నేర్చుకుంటున్న అమ్మాయి): కుడిచేత్తో కాలుస్తాను సార్, కానీ గుళ్లు ఎప్పుడూ ఎడమకే పోతున్నాయి. మా కోచ్ ఎడమ కన్ను బలమంటున్నారు. బుల్‌పప్ అయితే సులువా?

ఇంకా కష్టం తల్లీ, ఇందాక చెప్పిన డొక్కు సంగతి గుర్తుంది కదా. ముందు నిజంగా ఎడమ కన్నేనా అని తేల్చుకుందాం. ఇప్పుడే చేద్దాం, అందరూ చేయండి. రెండు చేతులూ ముందుకు చాచి, రెండు అరచేతుల నడుమ రూపాయంత సందు ఉంచండి. రెండు కళ్లూ తెరిచి ఆ సందులోంచి గోడ మీది గడియారాన్ని చూడండి. చేతులు కదపకుండా ఎడమ కన్ను మూయండి. గడియారం ఇంకా కనిపిస్తే మీది కుడి కన్ను. మాయమైతే ఎడమ కన్ను. నీకు మాయమైందా తల్లీ? అయితే రేపటి నుంచి ఎడమ భుజానికి మార్చు. మొదటి నెలంతా ఖాళీ తుపాకీతో రోజుకు యాభైసార్లు ఎక్కించడం, దించడం. గుండు మాట ఆ తర్వాత. తుపాకీ మడిచేదైతే డొక్కు బాధ లేదు, బట్టు మాత్రం కుడి వైపుకు వంపు పెట్టి ఉంటే మిస్త్రీ చేత నేరుగా చేయించుకో.